పెన్షనర్ల ధర్నాల్లో గొడవలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు కలెక్టరేట్ దగ్గర మా పెన్షనర్ల ధర్నాలకు వాలంటీర్ల పని చూసేది నేను. టెంటు, మైకు, మంచినీళ్లు, షుగరున్నవాళ్లు వేళకు తిన్నారా లేదా, అన్నీ చూసుకోవాలి. మా వాళ్లలో ఎక్కువమంది ఈపీఎస్-95 (పీఎఫ్ ఆఫీసు ద్వారా వచ్చే పెన్షన్ పథకం) కింద ఉన్నవాళ్లు, ఆర్టీసీలోనో పొగాకు కంపెనీల్లోనో చేసి దిగినవాళ్లు. 2014 సెప్టెంబరులో కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని పెట్టారు, దాన్ని ఏడున్నర వేలు చేసి డీఏ కలపమని అడుగుతున్నాం. ఈ మధ్య ధర్నా అనగానే ఇళ్లల్లో పిల్లలు "గొడవలైతే ఎట్లా నాన్నా, వద్దులే" అని ఆపేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: గొడవ చేసేది బయటివాళ్లే, కాబట్టి బయటివాళ్లను రానివ్వకూడదు.

వాస్తవం: ఇందులో సగమే నిజం. అర్జెంటీనాలో పెన్షనర్లు బుధవారం బుధవారం పార్లమెంటు ముందు నిరసన చేస్తారు, 1990ల నుంచి ఉన్న ఆనవాయితీ అది. 2025 మార్చి 12న వాళ్లకు తోడుగా ఫుట్‌బాల్ అభిమానులు వచ్చారు, ఎందుకంటే అంతకుముందు క్లబ్బు చొక్కా వేసుకుని ధర్నాకొచ్చిన ఒక పెద్దాయన మీద పోలీసులు దురుసుగా ప్రవర్తించారని వాళ్ల కోపం. ఆ రోజు రాళ్లు పడ్డాయి, పోలీసు వాహనానికి నిప్పు పెట్టారు, టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు వచ్చాయి. ప్రభుత్వం ఇదంతా ఫుట్‌బాల్ రౌడీల పనే అంది. కానీ అదే రోజు ఒక ఫొటోగ్రాఫర్ తలకు టియర్ గ్యాస్ గుండు తగిలి ప్రాణాల మీదికొచ్చింది, ఒక పెద్దావిడను పోలీసు నెట్టేస్తే కిందపడి తలకు దెబ్బ తగిలింది. వందమందికి పైగా పట్టుకెళితే ఒక జడ్జి గంటల్లోనే వదిలేయమన్నారు. అంటే బయటివాళ్లు చేసింది ఉంది, వాళ్ల పేరు చెప్పి కప్పేసింది కూడా ఉంది. రెండూ చూడాలి.

మా దగ్గరికీ బయటివాళ్లు వస్తారు. నాన్నను బండి మీద తెచ్చిన కొడుకు బయటివాడే, మద్దతుకొచ్చిన కార్మిక సంఘం వాళ్లూ బయటివాళ్లే. వాళ్లు లేకపోతే మాకు నీళ్ల క్యాన్లు దించేవాళ్లు కూడా ఉండరు. నేను చూసేది ఒకటే: వచ్చినవాడు మా వెనక నిలబడుతున్నాడా, మా ముందుకొచ్చి నిలబడుతున్నాడా? ఒకసారి ముఖానికి కర్చీఫ్ కట్టుకున్న ముగ్గురు కుర్రాళ్లు గేటు దగ్గరికొచ్చి "తోసేయండి, తోసేయండి" అని అరవడం మొదలుపెట్టారు. మాలో ఎవరికీ వాళ్లు తెలియదు. మైకులో "అందరూ కూర్చోండి" అని చెప్పాం. ఆకు గ్రేడింగ్ చేసి మోకాళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లు కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ సిమెంటు రోడ్డు మీదే కూర్చున్నారు. నిలబడి మిగిలింది ఆ ముగ్గురే. ఒక పెద్దావిడ "అబ్బయ్యా, నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగింది. జవాబు చెప్పకుండా బండెక్కి పోయారు. కెమెరాలకూ, సీఐ గారికీ ఎవరు ఎవరో తేలిపోయింది. ఇంతకన్నా పనికొచ్చే ఉపాయం నాకు తెలియదు.

అపోహ: రాయి వేసింది నేను కాదు, కేసు నా మీదికి రాదు.

వాస్తవం: రావచ్చు. భారతీయ న్యాయ సంహిత 189, 190 సెక్షన్లు చదవండి. అయిదుగురు, ఆపైన గుంపు నేరం చేసే ఉద్దేశంతో ఉంటే, అది తెలిసీ అందులోనే కొనసాగినవాళ్లందరికీ గుంపు చేసిన నేరం అంటుకుంటుంది. మొదట చట్టబద్ధంగా కూడిన గుంపు కూడా తర్వాత అలా మారిపోవచ్చు. కేవలం అక్కడ ఉన్నంత మాత్రాన నేరం కాదు గానీ, అది కోర్టులో తేలేసరికి డెబ్బై ఏళ్ల మనిషి ఎన్ని వాయిదాలకు తిరగాలి? అందుకే ఎవరైనా రాయి తీస్తే అరవొద్దు, ఆపడానికి మీదపడొద్దు, వెంటనే వేరుపడి టెంటు కిందికి వచ్చేయండి.

అపోహ: రోడ్డెక్కడమే నేరం.

వాస్తవం: కాదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19(1)(బి)లో ఉంది. 2022 డిసెంబరులో కందుకూరు తొక్కిసలాటలో ఎనిమిదిమంది పోయాక రోడ్ల మీద సభల్ని కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చారు, 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయితే పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉన్నప్పుడు అనుమతి అడగాలి. మేం ముందే అర్జీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకుంటాం.

అపోహ: పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది.

వాస్తవం: 1982 డిసెంబరు 17న, నకారా అనే రిటైరైన ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు కాదని తేల్చింది. మనం ఏటా పెన్షనర్ల దినం జరుపుకునేది ఆ తేదీనే.

అపోహ: ఒకసారి గొడవ జరిగితే కొన్నాళ్లు ధర్నాలు మానేయాలి.

వాస్తవం: మానేస్తే గొడవ చేసినవాడి పని పూర్తయినట్టే. అర్జెంటీనా పెన్షనర్లు వారం తిరిగేసరికి, మార్చి 19న, మళ్లీ అక్కడికే వచ్చారు. మనం చేయాల్సిన పని ఆ సాయంత్రమే చేయాలి. ఫోన్లలో ఉన్న వీడియోలు టైముతో సహా ఒకచోట పెట్టి, మన వాలంటీర్ల పేర్లు రాసి, మనకు తెలియనివాళ్లు ఏ పక్క నుంచి వచ్చారో వివరంగా ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వాలి. దెబ్బలు తగిలినవాళ్లకు ఆసుపత్రి కాగితం ఆ రోజు తేదీతోనే తీసుకోవాలి. వచ్చే సోమవారం గ్రీవెన్సుకు అదే అర్జీ, అదే ఏడున్నర వేల డిమాండుతో మళ్లీ వెళ్లాలి.