ఒకే ప్లేయరు, నాలుగు చెవులు

అమ్మలూ, చిన్నా,

మీ ఫోన్లు రెండూ ఒకే రోజు వచ్చాయి. పొద్దున అమ్మలుది, రాత్రి నేను అన్నం తింటుంటే చిన్నాది. ఇద్దరి మాటా ఒకటే: తాతయ్య ఇస్తానన్న డబ్బుతో జేబులో పట్టే ప్లేయర్ కొనుక్కుంటాం. మీ అమ్మేమో కొంటే ఒకటే, ఇద్దరూ వాడుకోండి అని తేల్చేసింది. అమ్మలుకి పాటలు కావాలి, చిన్నాకి సినిమాలు కావాలి. తీర్పు నన్ను చెప్పమన్నారు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తారు, అందుకే ఈ ఉత్తరం.

మీ గొడవ కొత్తదేం కాదులే. 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాళ్లు మొదటి వాక్‌మన్, అంటే నడుస్తూ వినే చిన్న క్యాసెట్ ప్లేయర్, అమ్మకానికి పెట్టినప్పుడు దానికి ఇయర్‌ఫోన్ కన్నాలు రెండు ఉండేవి. ఒక్కరే చెవులు మూసుకుని కూర్చుంటే పక్కవాళ్లకి మర్యాదగా ఉండదేమోనని ఆ కంపెనీ పెద్దాయన అకియో మొరిటా అనుకున్నారట. నారింజ రంగు మీట ఒకటి ఉండేది. అది నొక్కితే పాట సద్దు తగ్గి, చిన్న మైకులోంచి పక్కవాళ్ల మాట వినపడేది. తర్వాత వచ్చిన వాటిలో రెండో కన్నం పోయింది, మీటా పోయింది. ఎవరి పాట వాళ్లదే అయిపోయింది.

తెనాలిలో ముప్పై ఏళ్లు రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేశాను కదా, నా బల్ల మీదకి వచ్చిన వాక్‌మన్లలో చాలావాటికి జబ్బు ఒక్కటే. పిన్ను దూర్చే జాక్. లోపలి రేకు వదులవుతుంది, లేదా టంకం ఊడుతుంది. ఒక చెవిలో పాట ఉంటుంది, రెండో చెవి మూగ. ఇప్పటి ప్లేయర్లలోనూ ఆ 3.5 ఎంఎం జాకే ఉంది, దాని జబ్బూ అదే. అందుకని షాపులో మొదట చూడాల్సింది తెర కాదు. పాట పెట్టించి, ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లిగా గుండ్రంగా తిప్పండి. కరకరమన్నా, ఒక చెవి ఆగి ఆగి వచ్చినా వెంటనే తిరిగిచ్చెయ్యండి. షాపతను "వాడితే సెట్ అవుతుంది" అంటాడు. అవదు. నేను కొన్ని వందలు విప్పి చూశాను.

ఇక జీబీలు. ఈ విషయంలో నేనే మోసపోయాను, మీ అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. పదిహేనేళ్ల పైమాట. హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠీలో ఒక చిన్న కొట్లో ఎంపీ4 ప్లేయర్ కొన్నాను. అట్టపెట్టె మీద 8 జీబీ అని ఇంతింత అక్షరాలు. ఇంటికొచ్చి కంప్యూటర్‌కి తగిలిస్తే అక్కడా 8 జీబీ అనే చూపించింది. రెండు రోజులు కూర్చుని ఘంటసాల పాటలన్నీ ఎక్కించాను. మొదట్లో ఎక్కించినవి చక్కగా పాడాయి. తర్వాతివి చూస్తే పేర్లు బారులు తీరి కనపడుతున్నాయి, నొక్కితే చప్పుడు లేదు. లోపలున్నది నిజానికి 1 జీబీ చిప్పు. దాన్ని నడిపే చిన్న చిప్పుకి అబద్ధం చెప్పడం నేర్పారు, అంతే. చోటు లేకపోయినా ఉందంటుంది, రాయకపోయినా రాశానంటుంది. ఇప్పుడు మెమరీ కార్డుల్లోనూ ఈ మాయ ఉంది. హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అని కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. అది కార్డు నిండా రాసి, మళ్లీ చదివి, అసలు చోటెంతో చెబుతుంది. చాలాసేపు పడుతుంది. పట్టనివ్వండి, అది పూర్తయ్యేదాకా పాటలు ఎక్కించొద్దు.

చోటు ఎంత కావాలో లెక్క మీరే వేసుకోవచ్చు. సీడీలో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే నిమిషం సంగీతానికి 10 ఎంబీ పైనే. ఎంపీ3 చేస్తే, 128 రకం అయితే నిమిషానికి సుమారు 1 ఎంబీ, 320 రకం అయితే 2.4 ఎంబీ. ఆ అంకె పెద్దదైతే నాణ్యతా ఎక్కువే, పట్టే చోటూ ఎక్కువే. మన చెవి పట్టుకోలేని శబ్దాలను వదిలేసి చుట్టచుట్టడమే ఎంపీ3 పని. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్లు చాలా ఏళ్లు దాని మీదే కూర్చున్నారు, ఆ పేరు 1995లో పెట్టారు. ఏమీ వదలకుండా చుట్టేదాన్ని ఫ్లాక్ అంటారు, అది సీడీలో సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అయిదు నిమిషాల పాటలైతే 320 రకం ఎంపీ3లు 32 జీబీ కార్డులో రెండున్నర వేలు పడతాయి. రోజుకి ఇరవై విన్నా నాలుగు నెలలు. 256 జీబీ కావాలని గోల చేస్తున్నది ఎవరో నాకు తెలుసు.

అమ్మలూ, నువ్వు హాస్టల్లో వినేది ఎక్కువగా కచేరీలు కాబట్టి నీకు వేరే పరీక్ష. కచేరీని సీడీలో ముక్కలుగా కోస్తారు కదా, రాగం ఒకటి, తానం ఒకటి, పల్లవి ఒకటి. ఎంపీ3 చేసేటప్పుడు ప్రతి ముక్కకీ ముందూ వెనకా కాసింత నిశ్శబ్దం అతుక్కుంటుంది. మంచి ప్లేయర్ దాన్ని కత్తిరించి కలిపేస్తుంది. నాసిరకానిది సరిగ్గా తంబుర మోగుతున్నచోట అరక్షణం గతుక్కుమంటుంది. సినిమా పాటలకి అది తెలియనే తెలియదు, కచేరీకి మాత్రం పంటి కింద రాయే. షాపులో "గ్యాప్‌లెస్ ఉందా" అని అడిగితే వాళ్లు ఉందనే అంటారు, నువ్వే విని చూసుకో.

తెలుగు పేర్లు కూడా చూడు. "త్యాగరాజ కృతి" అని పేరు పెట్టిన ఫైలు ఒకటి వేసి చూస్తే, కొన్నిటిలో వరసగా డబ్బాలు కనపడతాయి. ఇంకొన్నిటిలో ఒత్తు విడిపోయి పక్కన పడుంటుంది. ఖరీదు ఎక్కువ పెడితే తెలుగు సరిగ్గా వస్తుందని నమ్మకమేం లేదు. ఆండ్రాయిడ్ మీద నడిచేవాటిలో మామూలుగా బాగానే వస్తుంది. కానీ వాటిలో వైఫై ఉంటుంది, ఆటలు పడతాయి, మీ వార్డెన్ చూస్తే బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. అందుకే నీకు సిమ్మూ వైఫై లేని, మీటలున్న సాదాదే మేలు. దుప్పట్లో చెయ్యి పెట్టి, చూడకుండా పాట మార్చగలగాలి. టచ్ తెరతో అది కుదరదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఫోన్‌లో పాటల యాప్‌లో డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నవి ఈ సాదా ప్లేయర్‌లోకి రావు. అవి ఆ యాప్ దాటి బయటికి పోకుండా తాళం వేసి ఉంటాయి. నా అలమరాలో సీడీలున్నాయి, అవి నేను ఎక్కించి ఇస్తాను.

చిన్నా, నీకు కోపం వస్తుందేమో గానీ వీడియో కోసం ప్లేయర్ కొనకు. ఎంపీ4 ప్లేయర్ అని అమ్మేవాటిది పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం. ఎంపీ4 అనేది ఒట్టి డబ్బా పేరు, లోపల వీడియోని ఏ పద్ధతిలో చుట్టారన్నదే అసలు సంగతి. నేను కోఠీలో కొన్నదాంట్లో ఎంపీ4 ఫైలు ఆడనే లేదు! ప్రతి వీడియోనీ ఏఎంవీ అనే వాళ్ల సొంత రకంలోకి మార్చుకోవాలి. మార్చాక అగ్గిపెట్టెంత తెరలో హీరో ఎవరో విలన్ ఎవరో పోల్చుకోవడమే కష్టమైంది. ఇప్పుడొచ్చే చవక ప్లేయర్లు హెచ్.264 అనే పద్ధతిలో చుట్టినవి ఆడిస్తాయి గానీ, దాని తర్వాత వచ్చిన హెచ్.265 పెడితే చాలావాటికి ఆయాసం వస్తుంది, బొమ్మ ఒకచోట మాట ఒకచోట. పైగా 32 జీబీ కార్డులు మామూలుగా ఫ్యాట్32 అనే, ఫైళ్లు సర్దే పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. మంచి నాణ్యతలో ఉన్న మన రెండున్నర గంటల సినిమా చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

మీ అమ్మ పాత ఫోను టీవీ కింద సొరుగులో పడి ఉంది కదా. సిమ్ తీసేసి, అక్కర్లేని యాప్‌లన్నీ పీకేసి, అందులో కార్డు వేసుకో. ఏ చిన్న ప్లేయర్ తెరకన్నా అదే పెద్దది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచినట్టుంటే మాత్రం ముట్టుకోకు, నాన్నకి చెప్పు. యాపిల్ వాళ్లు కూడా 2001లో మొదలుపెట్టిన ఐపాడ్‌ని 2022లో ఆపేశారు, ఫోనే దాన్ని మింగేసింది.

బ్లూటూత్ ఉండాలా అని అడిగావు. ఉంటే సరే, దానికోసం ఎక్కువ డబ్బు పోయొద్దు.

మిగిలిన డబ్బు ఇయర్‌ఫోన్ల మీద పెట్టండి. చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మూతలుండాలి. వదులుగా ఉంటే రైలు మోత లోపలికొస్తుంది, మోతని మించాలని వాల్యూం పెంచుతారు. పిల్లలు 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలకి మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. డెసిబెల్స్ మీకెలా తెలుస్తాయి? చేతికందే దూరంలో అమ్మ మామూలుగా మాట్లాడితే వినపడాలి. వినపడలేదంటే తగ్గించండి. నాకు ఎడమ చెవి ఎందుకు సరిగ్గా వినపడదో మీకు తెలుసు. స్పీకర్ దగ్గర చెవి పెట్టి రిపేర్ చేసేవాణ్ని.

ఈ కవరులోనే చిన్న కార్డు ఒకటి పెట్టాను. అందులో ఏడు ఫైళ్లున్నాయి: కచేరీ ముక్కలు మూడు, ఫ్లాక్ పాట ఒకటి, తెలుగు పేరున్నది ఒకటి, ఏమీ లేని నిమిషం నిశ్శబ్దం ఒకటి, చిన్నా కోసం వీడియో ఒకటి. షాపులో వాళ్ల పాటలు వినకండి, అవి బాగా వినపడేవి ఏరి పెట్టుకున్నవి. ఈ కార్డు వేయించండి. నిశ్శబ్దం ఫైలు పెట్టి వాల్యూం పూర్తిగా పెంచి వినండి, ఎంత తక్కువ సుయ్‌మంటే అంత మంచిది. కార్డు వేయనివ్వనంటే పక్క షాపుకెళ్లండి.

కార్డు వేలి గోరంత ఉంటుంది. పాత పెళ్లిపత్రిక అట్ట రెండు ముక్కల మధ్య పెట్టి టేపు వేశాను. కవరు చించేటప్పుడు చిన్నా తొందరపడకుండా అమ్మలు చూసుకో.

మీ తాతయ్య