దూరపు వేటకు స్కోప్: బాగా వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

రైఫిళ్లకు స్కోప్ (దూరపుదాన్ని పెద్దదిగా చూపి గురి పెట్టడానికి వాడే దుర్భిణి) బిగించి ఇవ్వడం నా పని. "గురి తప్పుతోంది, స్కోప్ మార్చాలేమో" అని తెచ్చిన రైఫిళ్లలో చాలావాటికి స్కోప్ బాగానే ఉంటుంది. తేడా బేస్ (రైఫిల్ మీద బిగించే పట్టీ) స్క్రూల్లోనో, స్కోప్‌ను దానికి పట్టి ఉంచే రింగుల్లోనో, బిగించిన తీరులోనో ఉంటుంది. చట్టం ఒప్పుకునే చోట వేటకు వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. టార్గెట్ కాగితం మీద పది సెంటీమీటర్లు తప్పితే పాయింట్లు పోతాయి. జంతువు మీద అంతే తప్పితే అది గాయంతో పొదల్లోకి పారిపోయి నరకం అనుభవిస్తుంది.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే అంత దూరం కొట్టొచ్చు.

వాస్తవం: జూమ్ పెంచితే జంతువుతో పాటు మన చేతి వణుకు, ఎండకు నేల మీద లేచే అలలు కూడా పెద్దవై కనిపిస్తాయి. చూపు మేర కుంచించుకుపోతుంది కాబట్టి పేల్చాక గుండు ఎక్కడ తగిలిందో చూడటం కష్టం. వెలుగూ తగ్గుతుంది. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం ఎంతో తెలుస్తుంది: 50 మి.మీ. అద్దానికి 10 రెట్ల దగ్గర 5 మి.మీ., 25 రెట్ల దగ్గర 2 మి.మీ. మాత్రమే. మసక చీకట్లో కనుపాప దాదాపు 5 నుంచి 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది. చాలా జంతువులు మేతకు బయటికొచ్చేది ఆ వేళలోనే. నన్నడిగితే, 3 నుంచి 15 రెట్ల స్కోప్ వేటకు ధారాళంగా సరిపోతుంది.

అపోహ: గొట్టం లావైతే వెలుగు ఎక్కువ.

వాస్తవం: 25.4, 30, 34 మి.మీ. గొట్టాల మధ్య అసలు తేడా వెలుగులో లేదు. లావు గొట్టంలో సాధారణంగా గురి గీతలను, అంటే రెటికిల్‌ను పైకీ కిందికీ జరిపేందుకు ఎక్కువ చోటు దొరుకుతుంది. అంతే.

అపోహ: ఎంఓఏ కంటే మిల్ కచ్చితం.

వాస్తవం: ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్), మిల్ (మిల్లీరేడియన్) రెండూ కోణాన్ని కొలిచేవే. 100 మీటర్ల దగ్గర ఒక మిల్ 10 సెం.మీ., ఒక ఎంఓఏ సుమారు 2.9 సెం.మీ. ఏది తీసుకున్నా రెటికిల్, టర్రెట్ (గురిని జరపడానికి తిప్పే నాబ్) ఒకే కొలతలో ఉండాలి. ఒకటి మిల్, ఇంకొకటి ఎంఓఏ అయితే టెన్షన్‌లో లెక్క తప్పడం ఖాయం. రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో (జూమ్ మార్చినా గీతల సైజు మారని చోట) ఉంటే గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది, సాధారణంగా గరిష్ఠ జూమ్ దగ్గర.

అపోహ: స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. స్కోప్ గొట్టం చాలావరకు అల్యూమినియం. రింగు నొక్కేస్తే బయట మచ్చ పడటమే కాదు, లోపల రెటికిల్‌ను జరిపే భాగం కూడా పట్టేస్తుంది. అప్పుడు టర్రెట్ క్లిక్ అంటుంది, గురి మాత్రం జరగదు. రింగు పై స్క్రూలకు ఎక్కువ మంది తయారీదారులు చెప్పేది 15 నుంచి 18 ఇంచ్ పౌండ్లు, అంటే దాదాపు 2 న్యూటన్ మీటర్లు. మీ రింగులకు వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకుండా ఈ పనికి దిగొద్దు. ముందు స్క్రూలకు, రంధ్రాలకు ఉన్న నూనె తుడవాలి. తర్వాత ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పుతూ, రింగు రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ బిగించాలి. స్క్రూ మరకు తడి జిగురు రాస్తే జారుడు పెరిగి, రెంచ్ అదే అంకె చూపించినా నొక్కుడు ఎక్కువవుతుంది.

పూర్తిగా బిగించకముందే గరిష్ఠ జూమ్ పెట్టి, నేల మీద పడుకుని గురి చూసే భంగిమలో చెంప ఆనించి చూడండి. చిత్రం అంచుల్లో నల్లటి నీడ లేకుండా నిండుగా కనిపించేదాకా స్కోప్‌ను ముందుకూ వెనక్కూ జరపండి. స్కోప్ కంటికి మరీ దగ్గరైతే రైఫిల్ తన్నినప్పుడు కనుబొమ చిట్లుతుంది. చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందని ముందే రెండుసార్లు చూసుకోండి.

అపోహ: రెటికిల్ కాస్త వాలినా ఏం కాదు.

వాస్తవం: 100 మీటర్లలో తెలియదు. 500 మీటర్లకు టర్రెట్‌ను 3 మిల్ పైకి తిప్పారనుకోండి. పేల్చేటప్పుడు నిలువు గీత 3 డిగ్రీలు వాలినా గుండు దాదాపు 8 సెం.మీ. పక్కకు పోతుంది. దూరంగా బరువు కట్టిన దారం వేలాడదీసి, నిలువు గీతను దానితో కలపండి. స్కోప్ మీద చిన్న రసమట్టం ఉంచుకోండి.

అపోహ: స్కోప్ ఉంటే బైనాక్యులర్ అక్కర్లేదు.

వాస్తవం: స్కోప్‌తో వెతికితే, చూసిన ప్రతిదాని మీదికీ తుపాకీ గొట్టం గురిపెట్టినట్టే. పొద చాటున మనిషి ఉండొచ్చు.

అపోహ: లేజర్‌తో బోర్ సైట్ చేస్తే జీరో అయినట్టే.

వాస్తవం: బోర్ సైట్ అంటే తుపాకీ గొట్టం చూపే దిశకు స్కోప్‌ను కలపడం; జీరో అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా సర్దడం. బోర్ సైట్ వల్ల మొదటి గుండు కాగితం మీద పడుతుంది, అంతవరకే. వేటకు వాడే తూటాతోనే పేల్చి జీరో చేయాలి. తర్వాత 100 మీటర్ల దగ్గర పొడవాటి కాగితం పెట్టి, టర్రెట్‌ను 5 మిల్ పైకి తిప్పి, గురి బిందువు మార్చకుండా పేల్చండి. గుండ్లు జీరో కంటే 50 సెం.మీ. పైన పడాలి. ప్రతిసారీ 48 దగ్గరే పడితే ఆ 4 శాతం తేడా లెక్కలో కలుపుకోవచ్చు. ఒకసారి 48, ఇంకోసారి 51 వస్తే ముందు బేస్, రింగులు చూడండి. అవి సరిగానే ఉంటే ఆ స్కోప్‌ను టర్రెట్ తిప్పి కొట్టే దూరాలకు వాడకండి.