రిబ్బన్ కత్తిరిస్తే సన్మానమా? ప్రొద్దుటూరు పేచీ వెనక కథ

కడప జిల్లా ప్రొద్దుటూరులో నగల షోరూమ్ తెరవడానికి హీరోయిన్ వచ్చిన ప్రతిసారీ ఒక పాత పేచీ మళ్లీ లేస్తుంది. రిబ్బన్ కత్తిరింపు, జ్యోతి ప్రజ్వలన, సెల్ఫీల కోసం తోపులాట, పోలీసులు బండ్లను పక్క వీధుల్లోకి మళ్లించడం, వీటితో ఎవరికీ తగాదా లేదు. బంగారం వ్యాపారంతో బతికే ఊరికి ఇది మామూలే. ఆ తర్వాత వేదిక మీద శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, అందాన్ని పొగుడుతూ ఏదో ఒక బిరుదు చదువుతారు చూడండి, అక్కడ కొందరు పెద్దలకు కడుపు మండుతుంది. షాపు తెరిచినందుకు డబ్బులిచ్చారు, బాగుంది, మరి సన్మానం దేనికని వాళ్లు అడుగుతారు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఈ ఊళ్లోనే పుట్టిన పాతతరం నటి, గాయని శాంతకుమారి పేరు ఈ వేదికల మీద ఎందుకు వినపడదు?

ఆమె 1920లో వెల్లాల సుబ్బమ్మగా పుట్టడం, ప్రొఫెసర్ సాంబమూర్తి దగ్గర సంగీతం నేర్వడం, 1936లో 'శశిరేఖా పరిణయం'తో తెరకెక్కడం, దర్శకుడు పి. పుల్లయ్యతో పెళ్లి, ఇవన్నీ జిల్లాలో పాత సినిమాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు కంఠతా వచ్చినవే. వాటిని వదిలేద్దాం. ఇవాళ్టి పేచీ అర్థం కావాలంటే 1943 దగ్గర ఆగాలి.

అప్పటిదాకా హీరోయిన్‌ను ముందు చెవితో ఎంచేవాళ్లు. కెమెరా ముందు నిలబడి ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి, వాద్యగాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన కూర్చుని వాయించాలి. గొంతు లేని అందానికి నాయిక వేషం దొరకడం కష్టం. శాంతకుమారి సినిమాల్లోకి వచ్చింది ఆ దారినే. కచేరీలు చేసిన పిల్ల, మద్రాసులో సంగీతం పాఠాలు చెప్పే పిల్ల అనే ఆమెను పిలిచారు. కాంచనమాల అందానికి ఊరూరా క్యాలెండర్లు లేవలేదా అని ఎవరైనా అడగొచ్చు. లేచాయి. కడప జిల్లావాడైన బి.ఎన్. రెడ్డి 1939లో తీసిన 'వందేమాతరం'లోనూ ఆమే నాయిక. కానీ ఆ కాంచనమాల కూడా తన పాట తానే పాడుకుంది.

1943లో 'భాగ్యలక్ష్మి' వచ్చింది. అందులో తెర మీద కమలా కోట్నిస్ కనిపిస్తే, పాట రావు బాలసరస్వతిది. తెలుగులో నేపథ్యగానం అక్కడే మొదలైందని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ సినిమాకు దర్శకుడు ఎవరనుకున్నారు? శాంతకుమారి భర్త పుల్లయ్యే. గొంతుతో పైకొచ్చిన నటి ఇంట్లోంచే గొంతు అక్కర్లేని నటికి దారి పడింది. ఆయనను తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. ఆయన చేయకపోతే మరొకరు చేసేవారు.

ఆ మార్పు ఎంత దూరం పోయిందో పన్నెండేళ్లకు 'మిస్సమ్మ' చూపించింది. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి బి.ఎన్. తమ్ముడు, ఆయనదీ కడప జిల్లానే. మొదట అందులో నాయిక వేషం భానుమతిది. పాట, నటన రెండూ ఆమెవే అయ్యేవి. మరో నిర్మాత చక్రపాణితో మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకుంటే సావిత్రి వచ్చింది. పాటలు పి. లీల పాడింది. సావిత్రి ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆమె కళ్లు పలికిన పలుకులు ఏ గొంతూ పలకలేదు. అయితే గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అన్న ఏర్పాటు ఖాయమయ్యాక ముఖానికి వేరే బతుకు మొదలైంది. సబ్బు ప్రకటనకు, చీరల కొట్టుకు, చివరికి నగల షోరూముకు ముఖం ఒక్కటే ప్రయాణం చేయగలిగింది.

ఇక శాంతకుమారి సంగతి. 1941లో 'ధర్మపత్ని'లో ఆమె నాయిక. 1955లో 'అర్ధాంగి' వచ్చేసరికి అక్కినేనికి సవతి తల్లి. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'లో ఎన్టీఆర్‌కు తల్లి వకుళమాత. ఎన్టీఆర్ పుట్టింది 1923లో, ఆమె 1920లో. మూడేళ్ల పెద్ద తల్లి! ఆ వేషంలోనూ తన పాట తానే పాడుకుంది. ఇప్పటికీ వకుళమాత అంటే చాలామందికి తలపుకొచ్చేది ఆ గొంతే.

సన్మానాల పట్టిక చూస్తే పెద్దల కోపం మరీ గాలిలోది కాదనిపిస్తుంది. బి.ఎన్. రెడ్డికి 1974 సంవత్సరానికి, నాగిరెడ్డికి 1986కు ఫాల్కే పురస్కారాలు. కడప జిల్లాలో ఒకే ఇంటికి రెండు. పుల్లయ్యకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రఘుపతి వెంకయ్య అవార్డు 1981కే దక్కింది. అదే అవార్డు శాంతకుమారి దాకా రావడానికి 1999 పట్టింది, అప్పటికి ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. 2006లో కన్నుమూసింది. జనం మహానటి అని పిలుచుకున్న సావిత్రికే పద్మ పురస్కారం రాలేదు. భానుమతికి మాత్రం 1966లోనే పద్మశ్రీ ఇచ్చారు. నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు, స్టూడియో యజమాని, ఇన్నీ ఒక్క మనిషే అయితే గానీ ఢిల్లీకి కనపడలేదన్నమాట.

ప్రొద్దుటూరుకు బిరుదంటే ఏమిటో తెలియక కాదు. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు నడిచిన వీధులివి, 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊళ్లో షాపు ప్రచార ఖర్చులోంచి బిరుదు పుట్టడమే తమకు మింగుడు పడనిదని పెద్దలు అంటున్నారు. వచ్చిన అమ్మాయి మీద తమకు కోపం లేదనీ చెబుతున్నారు. ఆమె చేసిన ఒక్క వేషం పేరైనా ఎత్తకుండా రంగునీ నవ్వునీ మాత్రమే పొగిడితే అది ఆమెకూ అవమానమేనన్నది వాళ్ల వాదన. జయసుధను సహజనటి అన్నా, వాణిశ్రీని కళాభినేత్రి అన్నా ఆ మాటల్లో వాళ్లు చేసిన పని ఉందని గుర్తు చేస్తున్నారు.

ప్రభుత్వం సినిమాలకిచ్చే నంది అవార్డులు ఆగడం కూడా దీనికి తోడైంది. 2017 నవంబరులో మూడేళ్లవి ఒక్కసారి ప్రకటించాక ఆ బండి నిలిచిపోయింది. సర్కారు వేదిక ఖాళీ అయితే ప్రైవేటు శాలువాలకు గిరాకీ పెరగదా?

వ్యాపారుల మాట క్లుప్తం. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు చీర పెట్టి పంపడం సీమ మర్యాద, అంతకు మించి అందులో ఏమీ లేదంటారు. శాంతకుమారి మీద అంత అభిమానం ఉన్నవాళ్లు ఏటా మే నెలలో ఆమె పుట్టినరోజున ఏం చేస్తున్నారో చెప్పమని ఎదురు అడుగుతారు. ఆ ప్రశ్నకు పెద్దల దగ్గర గట్టి జవాబు లేదు.

పెద్దల కోరికలు రెండు. ప్రారంభోత్సవం ఆహ్వాన పత్రికలో 'సన్మానం' అన్న మాట వేయొద్దు. దసరా సంబరాల్లో ఒక సాయంత్రం శాంతకుమారి పాటలకు కేటాయించాలి. రెండోదానికి చందా ఇవ్వడానికి వ్యాపారుల్లో కొందరు సరే అంటున్నారు. మొదటిదాని మీద మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు.