తాత బ్యాటరీ లైటు పాడవలేదు

దామలచెరువు,
శనివారం

పాపకూ చిన్నోడికీ అవ్వ ఆశీస్సులు.

మొన్న పాప ఫోన్లో "అవ్వా, తాత బ్యాటరీ లైటు మేం చెడగొట్టేసినాం" అని ఏడుపు గొంతుతో చెప్పి పెట్టేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే చిన్నోడు సంగతంతా వివరంగా చెప్పాడు. మాడిపోయిన పాత బల్బు గాజు తీసేసి, దాని ఇత్తడి తొడుగులో తెల్ల ఎల్‌ఈడీ పెట్టి సోల్డరింగ్ చేశారు. కొత్త బ్యాటరీలు వేస్తే ఏదో మినుక్కుమంది. ఇంట్లో పడున్న పాత బ్యాటరీలు వేస్తే అసలు వెలగలేదు. వెనక మూతలో తాత దాచుకున్న స్పేరు బల్బు పెడితే మాత్రం అవే పాత బ్యాటరీలతో ఎర్రగానైనా వెలిగింది.

ఏదీ చెడిపోలేదమ్మా. బల్బు వెలిగినచోట ఎల్‌ఈడీ వెలగలేదని కనిపెట్టారు చూడండి, ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, ఇంత మంచి ప్రశ్న నా దగ్గరికి తెచ్చినవాళ్లు తక్కువ. అందుకే ఫోన్లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నా.

మన చెరువును గుర్తు తెచ్చుకోండి. కింద తూము ఉంది, పైన మొరవ ఉంది. చెరువులో మోకాలిలోతు నీళ్లున్నా తూము ఎత్తితే అంతో ఇంతో పారుతుంది. మొరవ అట్లా కాదు. నీళ్లు దాని ఎత్తుకు వచ్చేదాకా ఒక్క చుక్క పోదు. వచ్చాక జానెడు పెరిగిందంటే చాలు, కట్టకింద పొలాలన్నీ మునుగుతాయి. పాత బల్బు తూము లాంటిది, ఎల్‌ఈడీ మొరవ లాంటిది. తెల్ల ఎల్‌ఈడీకి ఆ ఎత్తు దాదాపు 3 వోల్టులు. తాత లైటులో పట్టేది రెండు బ్యాటరీలు. కొత్తవైతే ఒక్కోటి వోల్టున్నర, రెండూ కలిపితే సరిగ్గా 3, అంటే అంచుకు అందీ అందనట్టు. వాడేసినవి ఒక్కోటి 1.1కి దిగుతాయి, మొత్తం 2.2. నీళ్లు మొరవ కిందే ఉండిపోయాయి, ఇక వెలుగెక్కడిది?

ఆ పాత బ్యాటరీలు పారెయ్యకండి, వాటితోనే ఒకటి చేసి చూడండి. ఒక ఎర్ర ఎల్‌ఈడీ తెచ్చి, 100 ఓముల రెసిస్టరు, అంటే కరెంటుకు అడ్డు కట్టే చిన్న ముక్క, వరసలో పెట్టి కలపండి. వెలుగుతుంది! ఎర్ర వెలుగుకు తక్కువ శక్తి చాలు కాబట్టి దాని మొరవ 1.8 వోల్టుల దగ్గరే ఉంటుంది. నీలం వెలుగుకు ఎక్కువ శక్తి కావాలి. తెల్ల ఎల్‌ఈడీ అనేది నిజానికి నీలం ఎల్‌ఈడీనే, పైన పసుప్పచ్చ పూత పూస్తారు, అంతే. ఎర్రది 1962లోనే వచ్చింది. బాగా వెలిగే నీలం కోసం లోకం 1993 దాకా ఎదురుచూసింది. ఆ పని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. చిన్నోడి చేతిలోని ఆ గింజంత వస్తువు వెనక ముప్పై ఏళ్ల పాటు పడ్డ కష్టం ఉంది.

ఇక దీన్ని బాగుచేసే దారి చెప్తా. నా దగ్గరున్న మూడు బ్యాటరీల లైటును పోయినేడు నేనే మార్చుకున్నా. దానికి మూడు కలిపి 4.5 వోల్టులు, మొరవ కన్నా వోల్టుకు పైనే ఎక్కువ. అట్లాగే తగిలిస్తే వరదే. మొదట్లో నేను తొందరపడి నేరుగా తగిలించా. ఒక్క క్షణం కళ్లు జిగేల్‌మన్నాయి, కాలిన వాసన వచ్చింది, ఎల్‌ఈడీ మధ్యలో నల్లటి చుక్క మిగిలింది. పాత బల్బులో తీగ వేడెక్కేకొద్దీ దాని అడ్డు పెరిగి కరెంటును అదే ఆపుకుంటుంది. ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు, మనమే కాలువకు అడ్డు కట్టాలి. లెక్క మీకు తెలిసిందే. 4.5లో ఎల్‌ఈడీకి 3.2 పోతే మిగిలేది 1.3. మనకు కావలసిన కరెంటు పదోవంతు ఆంపియరు, 1.3ను దాంతో భాగిస్తే అడ్డు 13 ఓములు. అంగట్లో 12, 15 సులువుగా దొరుకుతాయి, నేను 15 తీసుకున్నా. పావు వాటుది చాలు. ఎల్‌ఈడీ మాత్రం ఒక వాటుది తెచ్చుకున్నా, సగం బలం కూడా వాడకపోతే చాలా కాలం మన్నుతుందని. పాత బల్బు దగ్గరదగ్గర అర ఆంపియరు తాగి, దాంట్లో చాలా భాగం వేడిగా పారబోసేది. ఇప్పుడు అదే బ్యాటరీలు నాకు అయిదింతలు వస్తున్నాయి.

మీ రెండు బ్యాటరీలదానికి అడ్డు కాదు, ఎత్తు కావాలి. మీ తాత చిన్నప్పుడు కపిల తోలేవాడు. ఎద్దులు దిగుతుంటే బానతో నీళ్లు పైకొచ్చి కాలువలో పడేవి, మళ్లీ వెనక్కి, మళ్లీ పైకి. అదే పని కరెంటుతో చేసే చిన్న సర్క్యూటు ఉంది. తీగచుట్టలో కరెంటు నింపడం, టక్కున ఆపడం. ఆపిన ప్రతిసారీ చుట్ట ఆ శక్తిని ఎక్కువ వోల్టులతో ఎగదోస్తుంది. సెకనుకు వేలసార్లు జరుగుతుంది కాబట్టి మన కంటికి వెలుగు నిలకడగానే కనిపిస్తుంది. ఈ సర్క్యూటు లోపలే ఉన్న ఎల్‌ఈడీ బల్బులు పాత బల్బు తొడుగు ఆకారంలోనే అమ్ముతారు. తిరుపతికి వెళ్లినప్పుడు నాన్నను ఎలక్ట్రానిక్సు అంగట్లో అడగమనండి. మీది మరచుట్టు తొడుగా, అంచుపట్టీ తొడుగా అన్నది చూపించడానికి పాత తొడుగు వెంట తీసుకుపోవాలి. రెండు బ్యాటరీలకు పనికొచ్చేదేనా అని గట్టిగా అడగాలి.

కొత్త బల్బు పెట్టాక వెలగకపోతే భయపడొద్దు. పాత బల్బుకు ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు, ఎల్‌ఈడీకి ఉంది. బ్యాటరీలు తిప్పి వేసి చూడండి. అప్పటికీ వెలగకపోతే వెనక స్ప్రింగు చూడండి. అక్కడ పచ్చగా చిలుం పట్టి ఉంటుందని నా అనుమానం. మనం వాడే మామూలు బ్యాటరీకి పై డబ్బా జింకుదే. వాడేకొద్దీ ఆ డబ్బానే కరిగి, చిల్లుపడి, లోపలి రసం కారుతుంది. తడిపిన వంటసోడాను పాత పళ్లబ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరాక ఉప్పుకాగితంతో ఇత్తడి మెరిసేదాకా గీకండి. స్విచ్చు పట్టీ కూడా. సగం బ్యాటరీ లైట్ల రోగం ఇదేనని నేననుకుంటా, బల్బు మీద నింద పడుతుంది.

వెలుగు మునుపట్లా దూరం పోదు, ముందే చెప్తున్నా. పాత తీగ నలుదిక్కులా వెలుగు చిమ్మేది, దాన్ని గిన్నెలాంటి అద్దం పోగుచేసి ముందుకు తోసేది. ఎల్‌ఈడీ ముందుకే చూస్తుంది, అద్దానికి సగం పని లేకుండా పోతుంది. లైటు తలకాయ కొంచెం వదులు చేసి, బిగించి, గోడమీద చూసుకుంటూ సర్దుకోండి. తోటలో కాళ్లకింద చూసుకోవడానికి ఈ పరుచుకున్న వెలుగే మేలు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వెయ్యడానికి తాత ఆ లైటుతోనే పోయేవాడు. ఒకసారి తూర్పు గట్టు మీద రక్తపింజరి అడుగు దూరంలో కనిపించింది ఆ వెలుగులోనే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. బలంగా వెలుగుతుందని లిథియం సెల్లులు రెండు దాంట్లో వెయ్యకండి. నిండుగా చార్జయితే ఒక్కోటి 4.2 వోల్టులు, బల్బూ పోతుంది, వేడెక్కితే ప్రమాదం కూడా. వెలిగే ఎల్‌ఈడీని ఒకరి కళ్లల్లోకి ఒకరు కొట్టుకోవద్దు.

ఈ ఉత్తరంతోపాటు పొట్లంలో 100 ఓముల రెసిస్టర్లు రెండు, ఎర్ర ఎల్‌ఈడీలు నాలుగు, ఒక ముక్క ఉప్పుకాగితం పెట్టా. తాత స్పేరు బల్బును దూదిలో చుట్టి మళ్లీ ఆ వెనక మూతలోనే పెట్టెయ్యండి. కాయలు కోతకొచ్చేసరికి మీరు వస్తారు కదా, ఆ లైటు వెంట తెండి. రాత్రి తోటకు కాపలా మనమే పోదాం.

మీ అవ్వ