డాబా మీద చల్లిన నీళ్లు

మేం పెంకుటింటి నుంచి డాబా ఇంటికి మారిన ఏడాది, వేసవి రాగానే మా అమ్మకు కొత్త పని ఒకటి వచ్చి పడింది. పొద్దు వాలగానే బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కి స్లాబు మీద నీళ్లు చల్లేది. మొదటి బిందె కుమ్మరించగానే వేడి గాలి ముఖానికి కొట్టేది. తడి మచ్చ అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ మా కళ్ల ముందే ఆరిపోయేది. ఆరేడు బిందెలు మోస్తే తప్ప రాత్రి కింద పడుకోవడం కుదిరేది కాదు. పెంకుటింట్లో ఉన్నన్నాళ్లూ ఈ అవస్థ ఎరగం. పక్కా ఇల్లు కావాలని ఏళ్ల తరబడి కూడబెట్టి కట్టుకున్నాక, ఆ ఇంట్లో నిద్ర పట్టకపోవడమేమిటని మా నాన్న మథనపడేవారు.

ఆ స్లాబులో ఎంత వేడి దాక్కుంటుందో పెద్దయ్యాక లెక్క వేసి చూశాను. ప్రభుత్వ సాయంతో కట్టుకునే చిన్న ఇంటికి పైకప్పు సుమారు 30 చదరపు మీటర్లు, మందం 10 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే తల మీద 7 టన్నుల కాంక్రీటు. అది పగలు ఎండకు కాగి, రాత్రికి 10 డిగ్రీలు చల్లబడాలంటే 17 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని ఎటో ఒకవైపు వదిలించుకోవాలి. కిలోవాటు ఇస్త్రీ పెట్టెను 17 గంటలు ఆపకుండా ఇంట్లో వెలిగించి ఉంచినంత వేడి. అందులో కొంత ఆకాశంలోకి పోతుంది, మిగిలింది మంచాల మీదికి దిగుతుంది. సీలింగ్ ఫ్యాను తిరిగితే స్లాబును అంటుకుని ఉన్న వేడి గాలి ఇంకాస్త తొందరగా కిందికి వస్తుంది. ఎండ సోకిన క్షణానే వేడి లోపలికి రాదు, కాంక్రీటు గుండా ప్రయాణించడానికి దానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే పనికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి వంట మొదలుపెట్టే వేళకు ఇల్లు పగటికంటే ఎక్కువగా ఉడుకుతుంది.

మా అమ్మ చేసిన పని శాస్త్రబద్ధమైనదే. ఒక లీటరు నీరు ఆవిరైతే, ఆ ఇస్త్రీ పెట్టె 40 నిమిషాల్లో ఇచ్చేంత వేడిని తనతో పట్టుకుపోతుంది. కానీ చల్లిన నీళ్లలో సగానికి సగం తూము గుండా జారిపోయేవి. పైగా, బిందెడు నీటి కోసం కుళాయి దగ్గర వరుసలో నిలబడే కాలనీల్లో ఇది ఎవరికి సాధ్యం?

హరిత భవనం అనగానే మనకు అద్దాల ఆఫీసులు, సౌర ఫలకాలు, బంగారు రంగు ధ్రువపత్రాలు గుర్తుకొస్తాయి. సెంటు స్థలంలో ఒంటి అంతస్తు ఇల్లు కట్టుకునే కుటుంబానికి ఆ మాటకు అర్థం వేరు. ఏసీ లేకుండా, కరెంటు బిల్లు పెరగకుండా, మే నెలలో కంటి నిండా నిద్రపోగలగడం. ఆ ఇంటికి అసలు ప్రశ్న పైకప్పు.

ఎందుకంటే, మనం ఉన్న చోటు అలాంటిది. విజయవాడలో మే మొదటి వారంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు మధ్యాహ్నపు ఎండ దాదాపు సోకదు. తూర్పు గోడకు పొద్దున, పడమటి గోడకు సాయంత్రం ఎండ తగులుతుంది. పైకప్పుకు మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండే. అపార్టుమెంటులో ఈ కష్టం పై అంతస్తు వారిది. చిన్న కాలనీ ఇంట్లో ప్రతి కుటుంబమూ పై అంతస్తు కుటుంబమే. 2015 మే నెల వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. పగటి ఎండలో తిరిగిన శరీరానికి రాత్రి కూడా చల్లబడే అవకాశం దొరక్కపోతే ముప్పు రెట్టింపవుతుంది.

మరి వెనకటి ఇళ్లు ఎలా చల్లగా ఉండేవి? తాటాకు కప్పులో ఆకుల మధ్య గాలి చిక్కుకుని వేడిని అడ్డుకునేది. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి జారుకునేది. రాయలసీమ మట్టి మిద్దెల మీద పరిచిన చౌడుమట్టి పొర అంత ఎండనూ తానే మింగి, లోపలికి చాలా ఆలస్యంగా పంపేది. అలాగని తాటాకు గుడిసెలకు తిరిగి వెళ్లమని ఎవరికీ చెప్పను. నిప్పు రవ్వకు వాడలకు వాడలు తగలబడిన చరిత్ర మనది, తుఫానుకు కప్పులు ఎగిరిపోయిన చరిత్ర కూడా. స్లాబు పేదవాడి న్యాయమైన కోరిక. ఆ స్లాబును కాస్త తెలివిగా వేసుకోవడం గురించే నా తపనంతా.

అన్నిటికంటే చవకైన ఉపాయం సున్నం. మే మధ్యాహ్నం చదరపు మీటరుకు కిలోవాటు దాకా ఎండ పడుతుంది. మన 30 చదరపు మీటర్ల కప్పు మీద 30 ఇస్త్రీ పెట్టెలన్నమాట. బూడిద రంగు కాంక్రీటు అందులో సుమారు 20 పెట్టెల వేడిని పీల్చుకుంటుంది. శుభ్రమైన తెల్లటి కప్పు ఏడెనిమిదింటితో సరిపెట్టుకుని మిగతాది ఆకాశానికి తిప్పి పంపుతుంది. నమ్మకం కుదరకపోతే సగం డాబాకు సున్నం వేసి, మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పుల్లేకుండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూడండి. గీత దాటిన చోట అరికాలే చెబుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, సున్నానికి ముహూర్తం అదే. డాబా ఊడ్చి, పాచి గీకి, కడిగి, ఆరాక, జల్లించిన సున్నంలో కొద్దిగా తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు పూతలు వేయాలి. దుమ్ము పడితే తెలుపు మాస్తుంది, వానకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే. ఆ బాధ వద్దనుకుంటే టైల్స్ దుకాణాల్లో పగిలి పారేసే తెల్లని ముక్కలు తెచ్చి సిమెంటులో పొదిగితే ఏళ్ల తరబడి ఉంటుంది. డాబా మీదికి సొరపాదో బీరపాదో పాకిస్తే అదీ మంచి నీడే. పందిరి వేసి, ఆకులకూ స్లాబుకూ మధ్య గాలి ఆడేలా చూడాలి.

ఇంతకంటే మంచి ఉపాయం ఒకటుంది, కానీ దాన్ని కాంక్రీటు పోయకముందే తలపెట్టాలి. గోడల మధ్య పరిచిన స్లాబు బరువుకు కొద్దిగా వంగుతుంది. అప్పుడు దాని పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కితే బాగా తట్టుకుంటుంది కానీ సాగదీస్తే పగులుతుంది. అందుకే ఇనుప కడ్డీలు కింది వైపు వేస్తారు. ఆలోచిస్తే, కింది భాగంలో కడ్డీల నడుమ ఉన్న కాంక్రీటు బరువు మోయడానికి పెద్దగా పనికిరావడం లేదు, తానే బరువవుతోంది. అక్కడ కాంక్రీటు బదులు మంగుళూరు పెంకులను జతలు జతలుగా, నడుమ గాలి ఉండేలా అమరిస్తే సరిపోతుంది. దీన్నే ఫిల్లర్ స్లాబు అంటారు. 1945లో ఇంగ్లండు నుంచి వచ్చి, తరవాత తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో దీన్ని సామాన్యుల ఇళ్లకు అలవాటు చేశారు. కాంక్రీటు ఐదో వంతు దాకా తగ్గుతుంది. పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని నిదానింపజేస్తుంది. కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల గడులు ముచ్చటగా కనిపిస్తాయి. మన ఊళ్లలో పడగొట్టిన ప్రతి పెంకుటింటి వెనకా కుప్పలుగా పోసిన పెంకులను చూసినప్పుడల్లా, ఇవి మళ్లీ కప్పులోకే ఎందుకు వెళ్లకూడదని నా మనసు పీకుతుంది.

కాంక్రీటు తగ్గడం భూమికీ మేలే. సిమెంటుకు మూలం సున్నపురాయి. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది, బట్టీకి వాడిన బొగ్గు సంగతి వేరే. ఎర్ర ఇటుకకు పొలాల పైమట్టి కావాలి, బట్టీ మంట కావాలి. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకకు ఆ రెండూ అక్కర్లేదు. బూడిదలోని సిలికా, సున్నం, నీరు కలిసి సిమెంటులాంటి బంధాన్నే ఏర్పరుస్తాయి. జిప్సం అందుకు తొలి రోజుల్లో బలమిస్తుంది. ఈ మిశ్రమాన్ని ఫాల్-జి పేరుతో రూపొందించి చిన్న పరిశ్రమల దాకా చేర్చిన భానుమతిదాస్, కాళిదాస్ దంపతులు విశాఖపట్నం వారు. మనం గర్వంగా చెప్పుకోవలసిన పని అది. అయితే బూడిద ఇటుకతో కట్టినంత మాత్రాన ఇల్లు చల్లగా ఉంటుందనుకోకూడదు. అది భూమికి చేసే మేలు, ఇంట్లో ఉండేవారికి చల్లదనం కప్పు నుంచే రావాలి.

ఇక నిబంధనల మాట. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు ఒక హద్దు పెట్టింది. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. మన మామూలు స్లాబుకు ఆ లెక్క 3.6 ప్రాంతంలో వస్తుంది, అంటే హద్దుకు మూడు రెట్లు. కానీ ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను మార్చాలన్న గొప్ప లక్ష్యం పెట్టుకుంది. అందులోనూ సొంత ఇళ్లకు 600 చదరపు గజాల లోపు స్థలమైతే అది ఐచ్ఛికం. 500 చదరపు మీటర్లన్నా 600 గజాలన్నా దాదాపు ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణ పేదలకు పంచిన స్థలం ఒక సెంటు, అంటే 48 గజాలు. ఏసీ కొనుక్కోగలవాడి కప్పు గురించి పట్టించుకున్న నియమం, కొనుక్కోలేనివాడి కప్పును అతని ఇష్టానికే వదిలేసింది. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

నియమం చేరని చోటికి చేరేది మేస్త్రీ ఒక్కడే. కిందటేడు మా ఊరి దగ్గర లేఅవుట్‌లో సెంట్రింగు కొడుతున్న ఒక మేస్త్రీతో ఫిల్లర్ స్లాబు గురించి గంటసేపు మాట్లాడాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. కడ్డీల మధ్య దూరం జేనతో కొలిచి చూశాడు. "బాగానే ఉంది సార్. కానీ రేపు ఒక్క చుక్క కారినా పెంకులనెవరూ అనరు, నన్నంటారు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. పేదవాడు జీవితంలో ఒక్కసారి పోసుకునే స్లాబు మీద ప్రయోగం చేయమనడం తేలిక కాదు. ఇంజనీరు గీసిన డ్రాయింగు ఆయన చేతిలో ఉండాలి. ప్రతి లేఅవుట్‌లో ప్రభుత్వమే అలాంటి ఇల్లు ఒకటి ముందుగా కట్టి, ఒక వానాకాలం, ఒక వేసవి అందరినీ దాని కింద నిలబడి చూడనివ్వాలి. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు ఇచ్చే 5 లక్షల్లో అన్నిటికంటే పెద్ద వాయిదా స్లాబు దశదే. అంత డబ్బు కప్పు మీద పెడుతున్నప్పుడు ఆ డ్రాయింగు కూడా దానితోపాటే అందితే బాగుంటుంది.

ఆ మేస్త్రీని నాకు తెలిసిన ఇంజనీరుతో మాట్లాడించాను. వారం తిరక్కుండా మేస్త్రీ ఫోన్ చేశాడు. తన సొంత ఇంటి వెనక వేసుకుంటున్న చిన్న వంటగది మీద పెట్టి చూస్తాడట. పొడి పెంకులు కాంక్రీటులోని నీళ్లు తాగేస్తాయని నేను చెప్పింది గుర్తుంచుకుని, ముందురోజు వాటిని నానబెట్టడానికి మా ఇంట్లో పాత నీళ్ల తొట్టి ఏమైనా ఉందా అని అడిగాడు.