డాబా మీద సోలార్: అపోహలు – వాస్తవాలు

ఇంటికి సోలార్ పెట్టించాలనుకున్నవాళ్లు మొదట అడిగేది సబ్సిడీ ఎంతొస్తుందని. నిజానికి ముందు తేల్చుకోవాల్సినవి రెండు: నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా డాబా మీద ఏ నీడ ఎక్కడ పడుతోంది. ఈ రెండూ చూడకుండా కొటేషన్ తీసుకుంటే కింది అపోహల్లో ఏదో ఒకటి డబ్బు తినేస్తుంది.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతాయి.

సబ్సిడీ మీద ఎక్కువగా పెడుతున్నవి ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌లు, అంటే కరెంటు లైనుకు (గ్రిడ్‌కు) కలిపి నడిచేవి. లైన్లో కరెంటు పోగానే ఇవీ ఆగిపోతాయి, మిట్టమధ్యాహ్నమైనా సరే. అది లోపం కాదు. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మీ డాబా నుంచి షాక్ కొట్టకుండా సోలార్ ఇన్వర్టర్‌లో (ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టెలో) కావాలని పెట్టిన రక్షణ. కోతలప్పుడూ కరెంటు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. రోజుకు గంట లోపే కోత ఉండే పట్టణాల్లో, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్, బ్యాటరీలే చాలు అని మా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. సోలార్ లైను మీటరు వైపు మెయిన్ బోర్డులో కలవాలి. పాత ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలిపితే, కరెంటు పోయినప్పుడు సోలార్ దాన్నే గ్రిడ్ అనుకుని నడుస్తుంది. ఆ ఇన్వర్టర్ కాలిపోవచ్చు. అపార్ట్‌మెంట్ జనరేటర్ విషయంలోనూ అంతే, జనరేటర్ నడిచేటప్పుడు సోలార్ దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉండాలి.

అపోహ: ఎండ మండేకొద్దీ కరెంటు ఎక్కువ వస్తుంది.

ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసే వాట్లు దాని ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటి లెక్క. మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ప్యానెల్ 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ మోనో పెర్క్ రకానికి 0.35 శాతం చొప్పున తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం పోయినట్టే. మార్చిలో వచ్చినన్ని యూనిట్లు మేలో రాకపోతే మిషను పాడైందని కంగారుపడక్కర్లేదు. రేకుల కప్పు మీద పెట్టేటప్పుడు మాత్రం ప్యానెల్‌కూ రేకుకూ మధ్య గాలి ఆడేలా కనీసం 4 నుంచి 6 అంగుళాలు వదలాలి. ఏడాది మొత్తమ్మీద మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు. జులై, ఆగస్టు ముసురులో 3 కూడా రాని రోజులుంటాయి.

అపోహ: కొంచెం నీడేగా, ఏం కాదు.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. ఒక్క సెల్‌ను నీడ కప్పినా ఆ వరుస మొత్తం నీరసపడుతుంది. అందుకే బైపాస్ డయోడ్లు ఉంటాయి, సాధారణంగా మూడు. నీడ పడ్డ భాగాన్ని డయోడ్ పక్కన పెట్టేస్తుంది. అంటే అరచేయంత కొబ్బరాకు నీడకు ప్యానెల్‌లో మూడోవంతు పోవచ్చు. సెల్స్‌ను సగానికి కోసి చేసే హాఫ్‌కట్ ప్యానెల్స్‌లో కింది సగం మీద నీడ పడినా పై సగం పనిచేస్తుంది కాబట్టి నష్టం కాస్త తక్కువ.

డాబాను వేసవిలో చూసి కొలతలు తీసుకోవడం ఇంకో పొరపాటు. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు దక్షిణానికి బాగా దిగుతాడు. 8 అడుగుల ఎత్తున్న మెట్ల గది నీడ అప్పుడు హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఉత్తరానికి దాదాపు 7 అడుగులు, ఉదయం 9కి వాయవ్యానికి సుమారు 15 అడుగులు పడుతుంది. నీళ్ల ట్యాంకుకైనా, పక్కింటి పిట్టగోడకైనా ఇదే లెక్క. ప్యానెల్స్ దక్షిణ ముఖంగా, 12 నుంచి 17 డిగ్రీల వాలుతో, ఈ నీడలకు అవతల ఉండాలి. నీడ తప్పించుకోలేని డాబా అయితే ప్రతి ప్యానెల్‌కూ విడిగా ఆప్టిమైజర్ గానీ మైక్రో ఇన్వర్టర్ గానీ పెట్టించాలి, అప్పుడు ఒకదాని మీది నీడ మిగతావాటిని తగ్గించదు. సోలార్ కోసం వేపచెట్టు కొట్టించేవాళ్లూ ఉన్నారు. ఒక ప్యానెల్ తగ్గించుకోండి, చెట్టును వదిలేయండి.

అపోహ: ఎవరు పెట్టించుకున్నా నాలుగేళ్లలో పెట్టుబడి వచ్చేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన గృహ స్లాబులు చూడండి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి, ఇతర చార్జీలు కలపకుండా, సుమారు రూ.2,550 అవుతుంది. 3 కిలోవాట్లు పెడితే, పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లను వాడకంలోంచి తీసేసే లెక్కన (నెట్ మీటరింగ్), నెలకు 360 యూనిట్లు తగ్గి, మిగిలిన 40కి రూ.87. సోలార్ ముందుగా కోసేది ఖరీదైన పై స్లాబులనే. అదే 120 యూనిట్ల ఇంటికి మొత్తం బిల్లే రూ.395, ఒక కిలోవాట్ పెట్టి దాన్ని పూర్తిగా తీసేసినా మిగిలేది అంతే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడుకునే ఇంటికి డబ్బు పరంగా లాభమేమీ లేదు. ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు. ఇక సోలార్ ఎంత పెట్టినా ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వస్తూనే ఉంటాయి.

అపోహ: ఎన్ని కిలోవాట్లు పెడితే అంత సబ్సిడీ.

కేంద్రం సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకు రూ.30,000 చొప్పున, మూడోదానికి రూ.18,000. మొత్తం రూ.78,000తో ఆగిపోతుంది, 5 పెట్టినా అంతే. ప్యానెల్స్ దేశీయ తయారీవై, అంటే డీసీఆర్ రకమై ఉండాలి. వాటి సీరియల్ నంబర్లు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

అపోహ: వానే కడిగేస్తుంది, మనం చేసేదేం లేదు.

వేసవిలో వాన ఎక్కడిది? పదిహేను రోజులకోసారి తుడవాలి, రోడ్డు పక్క ఇళ్లయితే వారానికోసారి. తెల్లవారుజామున గానీ సూర్యాస్తమయం తర్వాత గానీ చేయాలి. మధ్యాహ్నం కాలుతున్న గ్లాసు మీద చల్లటి నీళ్లు కొడితే పగలొచ్చు. ఉప్పు బోరు నీళ్లు ఆరాక తెల్లటి పొర కడతాయి, అది తర్వాత గీకినా పోదు. మంచినీళ్లు, మెత్తటి గుడ్డ, రబ్బరు వైపర్ చాలు, సబ్బు పొడి వద్దు. ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల సెల్స్ చిట్లుతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వైర్లను బయట వేలాడనివ్వకుండా పైపుల్లోంచి లాగాలి.

అపోహ: స్టాండుదేముంది, ఏ ఇనుమైనా ఒకటే.

కట్టడాలు తట్టుకోవాల్సిన గాలి వేగం, ప్రమాణం ప్రకారం, హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. కింద బట్టలు ఆరేసుకోవడానికని 8 అడుగుల ఎత్తున కట్టిన స్టాండును గాలి అడుగు నుంచి ఎత్తుతుంది. అక్కడ నాలుగు సిమెంటు దిమ్మెలు చాలవు, స్లాబుకు కెమికల్ యాంకర్లు (రంధ్రంలో రసాయన జిగురుతో బిగించే బోల్టులు) వేసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. జింకు పూత ఉన్న పైపునైనా వెల్డింగ్ చేసిన చోట పూత కాలి తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని బోల్టులతో బిగించే రకమే మేలు. ఏటా తుఫాన్ల కాలానికి ముందు క్లాంపులు బిగించి చూసుకోవాలి. ఎర్తింగ్ గుంతలు మూడు: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెల్ ఫ్రేములకు ఒకటి, సోలార్ ఇన్వర్టర్ నుంచి ఇంటికి కరెంటు వచ్చే (ఏసీ కరెంట్) వైపుకు ఒకటి.

అపోహ: ప్యానెల్ తయారీకి పట్టినంత కరెంటు అది జన్మలో ఇవ్వదు.

మన ఎండలో ఒకటి రెండేళ్లలో ఇచ్చేస్తుంది. పనితీరు వారంటీ పాతికేళ్లు. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గు కరెంటే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. 3 కిలోవాట్లు ఏడాదికిచ్చే 4,300 యూనిట్ల మీద అది 3 టన్నులవుతుంది.

అయితే పగలు గ్రిడ్‌కు పంపిన యూనిట్లున్నాయి కదా అని రాత్రంతా ఏసీ నడిపితే మీటరులో లెక్క చెల్లుతుందేమో గానీ, రాత్రి 9 గంటలకు ఆ ఏసీకి వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఇస్త్రీ పనుల్ని ఉదయం 10కీ మధ్యాహ్నం 3కీ మధ్య పెట్టుకోండి. మోటారుకు టైమర్ బిగిస్తే ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.