స్ట్రెచర్ ఎక్కించారంటే జబ్బు చేసినట్టేనా? వ్యోమగాముల శరీరంపై అపోహలు - వాస్తవాలు

ఎనిమిది రోజులకని అంతరిక్ష కేంద్రానికి (స్పేస్ స్టేషన్‌కి) వెళ్లిన సునీతా విలియమ్స్ 286 రోజులకు, 2025 మార్చిలో తిరిగొచ్చారు. ఆమెను క్యాప్సూల్ నుంచి స్ట్రెచర్ మీదికి చేర్చడం అందరం టీవీలో చూశాం. అంతరిక్ష వైద్యంలో పనిచేసే డాక్టర్నని తెలిసినవాళ్లంతా నన్ను అడిగింది ఒకటే: "మళ్లీ మామూలు మనిషి అవుతారా?"

అపోహ: స్ట్రెచర్ ఎక్కించారంటే ఆరోగ్యం పాడైపోయినట్టే.

కాదు, అది ముందుజాగ్రత్త. బరువు లేనిచోట రక్తం, నీరు తల వైపు చేరతాయి. ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని శరీరం కొంత తగ్గించుకుంటుంది. కిందికొచ్చి నిలబడగానే ఉన్న రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరుగుతాయి. లోపలి చెవి కూడా తూకం మరిచిపోయి ఉంటుంది కాబట్టి, తల కాస్త తిప్పినా లోకం గిర్రున తిరుగుతుంది. అయినా రష్యా వ్యోమగామి వలేరి పొల్యకోవ్ అంతరిక్షంలో ఏకబిగిన 437 రోజులు ఉండి 1995లో తిరిగొచ్చి, క్యాప్సూల్ పక్కన వేసిన కుర్చీ దాకా నడిచారు.

అపోహ: అక్కడ గురుత్వాకర్షణ ఉండదు.

400 కిలోమీటర్ల ఎత్తులోనూ దాదాపు 90 శాతం ఉంటుంది. స్టేషనూ మనుషులూ కలిసి పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు. తాడు తెగిన చేద బావిలోకి పడేటప్పుడు అందులోని నీళ్లూ అంతే.

అపోహ: రోజూ వ్యాయామం చేస్తారు కాబట్టి ఎముకలకేమీ కాదు.

రోజుకు రెండు గంటలు చేస్తారు, నిజమే. ట్రెడ్‌మిల్ మీద భుజాలకీ నడుముకీ పట్టీలు బిగించి, సాగే తాళ్లతో కిందికి లాగి ఉంచాలి. లేకపోతే మొదటి అడుగుకే పైకి తేలిపోతారు. ఈ కష్టమేమీ పడకపోతే తుంటి ఎముక నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం పలచబడుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఏడాదికి జరిగే నష్టం, అక్కడ నెలలో జరుగుతుందన్నమాట. కరిగిన కాల్షియం మూత్రంలోకి పోతుంది, కిడ్నీలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. వ్యాయామం ఈ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. కండ తొందరగానే తిరిగొస్తుంది, ఎముక అలా రాదు. 17 మంది వ్యోమగాములను గమనించిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. దిగిన ఏడాదికి కూడా ఎక్కువమందికి కాలి ఎముక పూర్తిగా కోలుకోలేదు.

పాదాలు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. నడక ఉండదు కాబట్టి అరికాలి మొద్దుచర్మం పొరలుపొరలుగా ఊడిపోయి, పసిపిల్లల పాదంలా మెత్తబడుతుంది. కమ్మీల కింద వేళ్లు దూర్చి నిలదొక్కుకోవడం వల్ల పాదం పైభాగం గరుకెక్కుతుంది. ఊడిన పొరలు గాల్లో తేలకుండా మేజోళ్లు మెల్లగా విప్పుతారు. శరీరం అక్కడికి తగ్గట్టు తనను మార్చుకుంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: అంతరిక్షంలో 340 రోజులున్న అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ డీఎన్‌ఏ 7 శాతం మారిపోయింది.

ఈ వార్త ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. మారింది డీఎన్‌ఏ కాదు, కొన్ని జన్యువులు పనిచేసే తీరు. ఆ మార్పుల్లో 90 శాతానికి పైగా ఆరు నెలల్లో సర్దుకున్నాయి. కవల సోదరుడు మార్క్‌కి ఆయన ఇప్పటికీ కవలే.

అపోహ: దిగాక కొన్నాళ్లకు అన్నీ సర్దుకుంటాయి.

చాలావరకు, అవును. నా బెంగ కళ్ల గురించే. తలలో చేరిన ద్రవాల వల్లే కావచ్చు, కొందరికి కనుగుడ్డు వెనక భాగం చదునవుతుంది, దగ్గరి అక్షరాలు మసకబారతాయి. అందుకే ముందుగానే వేరే పవర్ కళ్లద్దాలు వెంట పంపిస్తారు. తిరిగొచ్చి ఏళ్లు గడిచినా, కొందరి స్కాన్‌లో ఆ చదును అలాగే కనిపిస్తోంది.